అరవై అయిదు గెలిచి, నాలుగు గెలవలేక!

మీ తరగతిలో ఒక అమ్మాయి ఉందనుకోండి. జూన్ నుంచి మార్చి వరకు జరిగిన పరీక్షలన్నిటిలోనూ ఆమెదే మొదటి స్థానం. ఏప్రిల్‌లో ఒక్క పరీక్షలో మాత్రం ఆమె నాలుగో స్థానానికి జారింది. వెంటనే ఎవరో అంటారు: "చూశారా! అసలైన పరీక్ష వచ్చేసరికి బండారం బయటపడింది. ఇన్నాళ్ళూ వచ్చిన మార్కులన్నీ ఉత్తవే!"

ఈ మాట సరైనదేనా? ఒకరి సామర్థ్యాన్ని కొలవాలంటే ఎన్నిసార్లు పరీక్షించాలి? ఒకసారి చాలా? ఏడుసార్లు చాలా? ఎనభై సార్లు కావాలా? దీనికి జవాబు గణితంలో ఉంది. ఆ గణితాన్ని ఈ నెల మనం ఒక ఆటల జట్టు కథలో చూద్దాం. ఆ జట్టు అమెరికాలోని బోస్టన్ నగరానికి చెందినది. పేరు బోస్టన్ బ్రూయిన్స్. ఆడేది ఐస్ హాకీ.

మంచు మీద హాకీ

మనం ఆడే హాకీకి పచ్చిక మైదానం కావాలి. ఐస్ హాకీకి గడ్డకట్టిన నీరే మైదానం. మన దేశంలో లడఖ్‌లో చలికాలం చెరువులు గడ్డకట్టినప్పుడు యువకులు ఈ ఆట ఆడతారు. అమెరికా, కెనడాలలో పెద్ద భవనాల లోపల కాంక్రీటు నేల అడుగున గొట్టాలు పరచి, వాటిలో బాగా చల్లబరచిన ద్రవాన్ని ప్రవహింపజేసి, నేల మీద నీటిని గడ్డకట్టిస్తారు. అలా ఏర్పడే మంచు పలక మందం సుమారు రెండున్నర సెంటీమీటర్లే. మైదానం పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు.

ఆటగాళ్ళ బూట్ల అడుగున ఉక్కు పట్టీలు ఉంటాయి. వాటి మీద జారుతూ పరుగెడతారు. బంతి ఉండదు. దానికి బదులు పక్ అనే గుండ్రటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. దాని మందం ఒక అంగుళం, వ్యాసం మూడు అంగుళాలు, బరువు 160 గ్రాములకు అటూ ఇటూ. మంచు మీద ఎగిరి పడకుండా జారాలని ఆటకు ముందు దానిని కూడా గడ్డకట్టే చలిలో ఉంచుతారు. ఒక్కొక్క జట్టులో గోల్‌కీపరుతో కలిపి మామూలుగా ఆరుగురు మంచు మీద ఉంటారు. ఆట ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలుగా సాగుతుంది.

ఈ ఆటలో ప్రపంచంలోకెల్లా పెద్ద పోటీ నేషనల్ హాకీ లీగ్. 2022-23 సీజనులో అందులో 32 జట్లు ఉన్నాయి. ఒక్కొక్క జట్టు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా 82 ఆటలు ఆడింది. గెలిస్తే రెండు పాయింట్లు. అసలు సమయంలో ఓడితే సున్న. సమయం ముగిసేసరికి గోల్స్ సమానంగా ఉండి, తరువాతి అదనపు ఆటలో ఓడితే ఒక పాయింటు.

రికార్డుల సీజను

ఆ సీజనులో బ్రూయిన్స్ జట్టు ఏం చేసిందో చూడండి. 82 ఆటలలో 65 గెలిచింది. 12 ఓడింది. మరో 5 అదనపు ఆటలో ఓడింది. పాయింట్లు ఎన్నో మీరే లెక్కకట్టండి: 65 × 2 = 130. దానికి 5 కలిపితే 135.

లీగ్ చరిత్రలో ఏ జట్టూ ఒక సీజనులో అన్ని ఆటలు గెలవలేదు, అన్ని పాయింట్లు తెచ్చుకోలేదు. అంతకుముందు గెలుపుల రికార్డు 62. దానిని 1995-96లో డెట్రాయిట్ రెడ్ వింగ్స్ నెలకొల్పితే, 2018-19లో టాంపా బే లైట్నింగ్ సమం చేసింది. పాయింట్ల రికార్డు 132. అది 1976-77 నాటి మాంట్రియల్ కనేడియన్స్‌ది. నలభై ఆరేళ్ళు చెక్కు చెదరని ఆ రికార్డును కూడా బ్రూయిన్స్ దాటేసింది.

ఆ జట్టులో డేవిడ్ పాస్టర్నాక్ ఒక్కడే 61 గోల్స్ కొట్టాడు. గోల్‌కీపరు లైనస్ ఉల్మార్క్ తన మీదికి వచ్చిన ప్రతి 100 షాట్లలో దాదాపు 94 ఆపాడు. ఆ ఏడాది ఉత్తమ గోల్‌కీపరు బహుమతి అతనికే దక్కింది. జట్టు మొత్తం 305 గోల్స్ చేసి, 177 మాత్రమే ఇచ్చింది. కెప్టెన్ పాట్రీస్ బెర్జెరాన్ అనుభవజ్ఞుడు, ఎదుటి జట్టును అడ్డుకోవడంలో పేరుమోసినవాడు.

ఇంత బలమైన జట్టుకు ఇక ఎదురేముంటుంది అనిపిస్తుంది కదూ? అందరికీ అలాగే అనిపించింది.

ఏడు ఆటల పోటీ

82 ఆటలు పూర్తయ్యాక 32 జట్లలో 16 మాత్రమే మిగులుతాయి. వాటి మధ్య స్టాన్లీ కప్పు కోసం అసలు పోరు మొదలవుతుంది. 1892లో అప్పటి కెనడా గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ బహూకరించిన కప్పు ఇది. ఇందులో రెండేసి జట్లు తలపడతాయి. ముందుగా నాలుగు ఆటలు గెలిచినవారు పై దశకు వెళతారు, రెండోవారు ఇంటికి వెళతారు. అంటే రెండు జట్ల మధ్య ఏడుకు మించి ఆటలు జరగవు. ఇలాంటి దశలు నాలుగు.

మొదటి దశలో బ్రూయిన్స్‌కు ఎదురైన జట్టు ఫ్లోరిడా పాంథర్స్. వీరు 82 ఆటలలో 42 మాత్రమే గెలిచి, 92 పాయింట్లతో తమ విభాగంలో చిట్టచివరి స్థానాన్ని సంపాదించి లోపలికి వచ్చినవారు. 135 ఎక్కడ, 92 ఎక్కడ!

2023 ఏప్రిల్ 17న పోటీ మొదలైంది. ఫలితాలు వరుసగా ఇవి. మీ నోటుపుస్తకంలో రాసుకోండి, తరువాత పనికి వస్తాయి.

మొదటి ఆట: బోస్టన్ 3, ఫ్లోరిడా 1.
రెండవ ఆట: బోస్టన్ 3, ఫ్లోరిడా 6.
మూడవ ఆట: బోస్టన్ 4, ఫ్లోరిడా 2.
నాలుగవ ఆట: బోస్టన్ 6, ఫ్లోరిడా 2.

నాలుగు ఆటలు అయ్యేసరికి బోస్టన్ మూడు గెలిచింది. ఇంకొక్కటి చాలు.

అయిదవ ఆట: బోస్టన్ 3, ఫ్లోరిడా 4. ఇది అదనపు ఆటలో తేలింది.
ఆరవ ఆట: బోస్టన్ 5, ఫ్లోరిడా 7.

ఇప్పుడు మూడు, మూడు. ఏడవ ఆట ఏప్రిల్ 30న బోస్టన్‌లోనే జరిగింది. ఆట ముగియడానికి ఒక నిమిషం కూడా లేదు. బోస్టన్ 3, ఫ్లోరిడా 2. సొంత ఊరి జనం లేచి నిలబడ్డారు. అప్పుడు ఫ్లోరిడా ఆటగాడు బ్రాండన్ మాంటూర్ గోలు కొట్టి లెక్క సమం చేశాడు. అదనపు ఆట మొదలైంది. ఎనిమిదిన్నర నిమిషాలు గడిచాక కార్టర్ వర్హేగీ కొట్టిన పక్ బోస్టన్ గోలులోకి దూసుకుపోయింది. అంతే! చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ ఆటలు గెలిచిన జట్టు సీజను మొదటి దశలోనే ముగిసింది.

అందరూ ఆశ్చర్యపోయారు. మనం ఆశ్చర్యాన్ని కాసేపు పక్కన పెట్టి, పాచిక చేతిలోకి తీసుకుందాం.

ఒక పాచికతో ప్రయోగం

లూడో లేదా వైకుంఠపాళి ఆడే పాచిక ఒకటి తెచ్చుకోండి. పాచిక లేకపోతే ఒకే పరిమాణంలో ఆరు చీటీలు చించి, 1 నుంచి 6 వరకు అంకెలు వేసి, డబ్బాలో వేయండి. తీసిన చీటీని ప్రతిసారీ మళ్ళీ డబ్బాలో వేసి కలపడం మరవకూడదు.

ఇప్పుడు రెండు జట్లను ఊహించుకోండి. ఒకటి బలమైనది, రెండోది బలహీనమైనది. పాచిక వేసినప్పుడు 1, 2, 3, 4లలో ఏది పడినా ఆ ఆట బలమైన జట్టుది. 5 గాని 6 గాని పడితే బలహీనమైన జట్టుది. అంటే ప్రతి మూడు ఆటలలో సగటున రెండు బలమైన జట్టు గెలుస్తుంది. ఇది చిన్న తేడా కాదు, బాగా పెద్ద తేడాయే.

పాచిక వేస్తూ పోండి. ఏ జట్టు ముందుగా నాలుగు ఆటలు గెలిస్తే ఆ జట్టు ఒక పోటీ గెలిచినట్టు. ఇలా ఇరవై పోటీలు జరిపించి ఫలితాలు రాయండి.

ఏం వచ్చింది? ఇరవైలో మూడో నాలుగో పోటీలు బలహీనమైన జట్టు గెలిచి ఉండవచ్చు. కొందరికి ఒకటే రావచ్చు, కొందరికి ఆరు కూడా రావచ్చు. మీ తరగతిలో నలభై మంది ఉంటే ఒక్కొక్కరు పది పోటీల చొప్పున చేసి, అన్నీ కలిపి చూడండి. మొత్తం 400 పోటీలలో సుమారు 70 బలహీనమైన జట్టువే అవుతాయి.

పాచికకు భయం లేదు. దానికి ధైర్యమూ లేదు, అలసటా లేదు. సొంత ఊరి జనం కేకలు దానికి వినపడవు. అయినా బలమైన జట్టు అన్నిసార్లు ఓడిపోయింది!

కాగితం మీద లెక్క

ఒక ఘటన జరగడానికి ఉన్న అవకాశాన్ని భిన్నంగా చెబితే దానిని సంభావ్యత అంటారు. మన పాచిక ఆటలో బలహీన జట్టు ఒక ఆట గెలిచే సంభావ్యత 1/3. ఓడే సంభావ్యత 2/3. ఒకదానిపై ఒకటి ఆధారపడని ఘటనలన్నీ కలిసి జరిగే సంభావ్యత కావాలంటే భిన్నాలను గుణించాలి. ఇంతే సూత్రం.

బలహీన జట్టు నాలుగు ఆటలలోనే పోటీ గెలవాలంటే వరుసగా నాలుగూ గెలవాలి. 1/3 ను నాలుగుసార్లు గుణిస్తే 1/81.

అయిదు ఆటలలో గెలవాలంటే మధ్యలో ఒకటి ఓడాలి. ఆ ఓటమి మొదటి నాలుగు ఆటలలో ఎక్కడైనా ఉండవచ్చు. చివరిది మాత్రం గెలుపే కావాలి. కాబట్టి నాలుగు విధాలు. 4 × 1/81 × 2/3 = 8/243.

ఆరు ఆటలలో అయితే మొదటి అయిదింటిలో రెండు ఓటములు ఉండాలి. వాటిని పది విధాలుగా అమర్చవచ్చు. 10 × 1/81 × 4/9 = 40/729.

ఏడు ఆటలలో అయితే మొదటి ఆరింటిలో మూడు ఓటములు. వీటిని ఇరవై విధాలుగా అమర్చవచ్చు. 20 × 1/81 × 8/27 = 160/2187.

ఈ నాలుగు భిన్నాలకూ 2187 హారంగా చేసి కలపండి: 27 + 72 + 120 + 160 = 379. కాబట్టి బలహీన జట్టు పోటీ గెలిచే సంభావ్యత 379/2187. అంటే నూటికి 17 కంటే కొంచెం ఎక్కువ. పాచిక వేస్తే ఒకటి పడే అవకాశం ఎంతో, ఇంచుమించు ఇదీ అంతే! లూడో ఆడుతూ ఒకటి పడితే మనం ముక్కున వేలేసుకోము కదా?

పోటీలో ఆటల సంఖ్య మారితే ఏమవుతుందో కూడా చూద్దాం. ఒకే ఆటతో తేల్చేస్తే బలహీన జట్టుకు నూటికి 33 పాళ్ళు అవకాశం. మూడు ఆటల పోటీ అయితే 26. అయిదు ఆటలైతే 21. ఏడు ఆటలైతే 17. అవే రెండు జట్లు 82 ఆటలు ఆడితే బలహీన జట్టు ఎక్కువ ఆటలు గెలిచే అవకాశం వెయ్యింట ఒక పాలు కూడా ఉండదు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆటల సంఖ్య పెరిగేకొద్దీ అదృష్టం పలచబడి, సామర్థ్యం పైకి తేలుతుంది. తక్కువ ఆటలైతే రెండూ కలిసిపోయి ఉంటాయి. వాటిని వేరు చేయడం కష్టం.

అదృష్టం ఎక్కడినుంచి వస్తుంది?

పాచికలో అదృష్టం ఉందంటే ఒప్పుకుంటాం. మరి నైపుణ్యంతో ఆడే ఆటలో అదృష్టం ఎక్కడుంది? దీనికి కారణం గోల్స్ సంఖ్యలో ఉంది.

బ్రూయిన్స్ చేసిన 305 గోల్స్‌ను 82తో భాగించండి. ఆటకు 3.7 వస్తుంది. ఇచ్చిన 177ను భాగిస్తే 2.2 వస్తుంది. చరిత్రలోనే గొప్ప సీజను ఆడిన జట్టుకు, ఎదుటి జట్టుకు మధ్య తేడా సగటున ఆటకు ఒకటిన్నర గోలే! బాస్కెట్‌బాల్‌లో ఒక జట్టు ఒక ఆటలో వంద పాయింట్లు చేయడం మామూలే. అక్కడ ఒక పొరపాటు జరిగితే మిగిలిన తొంభై తొమ్మిది దానిని సరిచేస్తాయి. ఐస్ హాకీలో ఒక జట్టు ముప్పై షాట్ల వరకు కొడితే మూడు గోల్స్ అవుతాయి. ఆ మూడింటిలో ఒకటి అటు ఇటు అయితే ఫలితమే మారిపోతుంది.

గంటకు నూట యాభై కిలోమీటర్ల వేగంతో కూడా పోగలిగే పక్ దారిలో ఒకరి కర్రకో, బూటుకో, గోలు స్తంభానికో తగిలి పక్కకు తిరుగుతుంది. రెండు అంగుళాల తేడాలో గోలు అవుతుంది లేదా తప్పిపోతుంది. ఆ రెండు అంగుళాలు ఎవరి చేతిలోనూ లేవు.

ఇందాక రాసుకున్న ఏడు ఫలితాలను ఇప్పుడు తీయండి. రెండు జట్ల గోల్స్ విడివిడిగా కలపండి. బోస్టన్: 3 + 3 + 4 + 6 + 3 + 5 + 3 = 27. ఫ్లోరిడా: 1 + 6 + 2 + 2 + 4 + 7 + 4 = 26. అంటే పోటీ మొత్తంలో ఎక్కువ గోల్స్ చేసినది ఓడిపోయిన జట్టే! వాటిలో రెండు ఆటలు అదనపు సమయంలో ఒక్క గోలుతో తేలాయి. ఆ రెండింటిలో ఏ ఒక్కటి ఇటు తిరిగినా ఇవాళ మనం వేరే కథ చెప్పుకునేవాళ్ళం.

మరి అంతా అదృష్టమేనా?

కాదు. ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. "అంతా అదృష్టమే" అనడం "అంతా సామర్థ్యమే" అనడమంత తప్పు.

బ్రూయిన్స్ 65 గెలుపులను తీసుకోండి. జట్లన్నీ సమానమే, ప్రతి ఆటా బొమ్మా బొరుసూ అనుకుందాం. అప్పుడు 82 ఆటలలో సగటున 41 గెలుపులు రావాలి. నాణెం 82సార్లు ఎగరవేసి చూడండి. నూటికి తొంభై అయిదుసార్లు 32కూ 50కీ మధ్యనే బొమ్మలు పడతాయి. పది లక్షల మంది కూర్చుని తలా 82సార్లు నాణెం ఎగరవేసినా ఒక్కరికైనా 65 బొమ్మలు రావడం అనుమానమే. కాబట్టి బ్రూయిన్స్ నిజంగా గొప్ప జట్టే. ఒక వారంలో మూడు ఓటములు ఆ నిజాన్ని తుడిచివేయలేవు.

మీలో కొందరికి ఒక సందేహం వచ్చి ఉండాలి. 82లో 65 అంటే నూటికి 79 కదా, మరి లెక్కలో మూడింట రెండు అని ఎందుకు తీసుకున్నాం? మంచి ప్రశ్న. ఆ 65 గెలుపులు లీగ్‌లోని బలమైన జట్ల మీద, బలహీనమైన జట్ల మీద కలిపి వచ్చినవి. చివరి పోరులో అట్టడుగు జట్లు ఉండవు. పైగా ఆ సీజనులోనే బోస్టన్, ఫ్లోరిడా నాలుగుసార్లు ఆడితే చెరి రెండూ గెలిచాయి. అందుచేత ఫ్లోరిడా మీద బోస్టన్ బలం 79 కంటే తక్కువే అనుకోవడం న్యాయం. అయినా మూడింట రెండు అన్నది మనం లెక్క కోసం అనుకున్నదే, కొలిచినది కాదు. కావాలంటే అయిదింట నాలుగు అని తీసుకుని మళ్ళీ లెక్కించండి. అప్పుడు కూడా బలహీన జట్టుకు నూటికి మూడు పాళ్ళకు మించి అవకాశం మిగులుతుంది. చిన్నదే, కానీ సున్న కాదు.

పాచికకు లేని కారణాలు కూడా ఉన్నాయి. కెప్టెన్ బెర్జెరాన్ గాయం వల్ల మొదటి నాలుగు ఆటలు ఆడలేదు. సీజను పొడుగునా అద్భుతంగా ఆడిన ఉల్మార్క్ ఆరవ ఆటలో ఆరు గోల్స్ ఇచ్చాడు, ఏడవ ఆటకు మరో గోల్‌కీపరును నిలబెట్టారు. ఫ్లోరిడా కూడా 92 పాయింట్లు చెప్పేంత బలహీనమైనది కాదేమో! ఆ జట్టు ఆ ఏడాది మరో రెండు జట్లను ఓడించి చివరి పోటీ దాకా వెళ్ళింది. అక్కడ వేగస్ గోల్డెన్ నైట్స్ చేతిలో ఓడింది. ఆ తరువాత 2024లో, 2025లో స్టాన్లీ కప్పు గెలుచుకుంది.

ఇది ఒక్క జట్టు కథ కాదు

పాత రికార్డుల జట్లు ఏమయ్యాయో చూడండి. 1995-96లో 62 ఆటలు గెలిచిన డెట్రాయిట్, కొలరాడో అవలాంచ్ చేతిలో మూడవ దశలో ఓడిపోయింది. 2018-19లో 62 ఆటలు గెలిచిన టాంపా బే, మొదటి దశలోనే కొలంబస్ బ్లూ జాకెట్స్ చేతిలో వరుసగా నాలుగూ ఓడింది. 1976-77లో 132 పాయింట్ల మాంట్రియల్ మాత్రం కప్పు కూడా గెలిచింది.

ఇందులో వింత లేదు. ఒక దశ గెలవడానికి బలమైన జట్టుకు నూటికి 83 పాళ్ళు అవకాశం ఉందని లెక్క కట్టాం కదా. కప్పు కావాలంటే అలాంటి దశలు నాలుగు దాటాలి. 0.83ను నాలుగుసార్లు గుణించండి. 0.47 వస్తుంది. సగం కంటే తక్కువ! ప్రతి దశలోనూ గెలిచే అవకాశం అంత ఎక్కువగా ఉన్న జట్టుకు కూడా, కప్పు రావడం కంటే రాకపోవడానికే అవకాశం ఎక్కువ.

మరి పోటీలు ఎందుకు పెడతారు? ఎవరు గెలుస్తారో ముందే తెలిసిపోతే చూసేవారెవరు? కప్పు పోటీ ఉత్సాహం కోసం. సామర్థ్యం తెలుసుకోవాలంటే 82 ఆటల పట్టిక చూడాలి. రెండింటికీ విలువ ఉంది. ఒకదానితో చేయాల్సిన పని రెండోదానితో చేయబోతేనే పొరపాటు.

మనకు దీనివల్ల ఏమిటి?

కొత్త మందు ఒకటి కనిపెట్టారనుకోండి. ఇద్దరికి ఇస్తే ఇద్దరికీ జ్వరం తగ్గింది. అది మంచి మందేనా? ఆ ఇద్దరికీ జ్వరం దానంతట అదే తగ్గి ఉండవచ్చు. అందుకే శాస్త్రజ్ఞులు వందల మందికి ఇచ్చి చూస్తారు, ఇవ్వనివారితో పోల్చి చూస్తారు. కొత్త రకం వరి విత్తనాన్ని ఒకే మడిలో చల్లి నిర్ణయం తీసుకోరు. అనేక చోట్ల, అనేక కార్లలో పండించి సగటు తీస్తారు. ప్రయోగశాలలో మీరు లోలకం ఆవర్తన కాలం కనుక్కునేటప్పుడు ఇరవై డోలనాలు లెక్కపెట్టమని మాస్టారు ఎందుకంటారో ఇప్పుడు ఆలోచించండి. ఒక్క డోలనంలో చేతి పొరపాటు పెద్దది. ఇరవైలో పంచితే చిన్నది.

ఇక మొదట చెప్పుకున్న అమ్మాయి దగ్గరికి వద్దాం. ఒక్క పరీక్షలో నాలుగో స్థానం వచ్చినంత మాత్రాన ఆమె తెలివి తగ్గిందనడానికి ఆధారం చాలదు. ఒక్క పరీక్షలో మొదటి స్థానం వచ్చిన మరొకరిని ఆకాశానికి ఎత్తడానికీ ఆధారం చాలదు. మీకు ఒక పరీక్షలో మార్కులు తగ్గితే పొరపాట్లు ఎక్కడ జరిగాయో చూసుకోండి, అది తప్పనిసరి. కానీ ఆ ఒక్క కాగితాన్ని చూసి "నాకు ఇంతే వచ్చు" అని మాత్రం తీర్పు చెప్పుకోకండి. ఏడాది పట్టికను ముందు పెట్టుకుని చూడండి.

మీరే లెక్కించండి

1. బలహీన జట్టు ఒక ఆట గెలిచే సంభావ్యత 1/3 అయితే, ముందుగా రెండు ఆటలు గెలిచినవారిదే పోటీ అన్నప్పుడు అది నెగ్గే సంభావ్యత ఎంత?

2. బలమైన జట్టు మూడు ఆటలు గెలిచి, ఒకటి ఓడింది. ఇక మిగిలిన మూడూ వరుసగా ఓడిపోయే సంభావ్యత ఎంత?

3. రెండు జట్లూ సరిసమానమైతే పోటీ ఏడవ ఆట దాకా వెళ్ళే సంభావ్యత ఎంత? (సూచన: ఆరు ఆటలు అయ్యేసరికి చెరి మూడు గెలవాలి.)

జవాబులు: 1) 7/27. 2) 1/27. 3) 5/16.

రెండవ లెక్క జవాబును మరొకసారి చూడండి. ఇరవై ఏడింట ఒకటి. 2023 ఏప్రిల్‌లో బోస్టన్‌కు ఎదురైనది ఇదే. అరుదైనదే, అసాధ్యం కాదు. ఏటా ఎన్నో పోటీలు జరిగే ఆటలో అరుదైనది కూడా ఎప్పుడో ఒకప్పుడు, ఎవరో ఒకరికి జరిగి తీరుతుంది.